3-సి పలకలేదు

మా కార్యాలయంలో ఉత్తరం అందడమంటే ఉత్తరం అందడం కాదు. అందినట్టు సంతకం పెట్టిన కాగితం తిరిగి పంపినవారి చేతికి చేరడం. ఆ సంతకం కాగితం అందినట్టు ఇంకో సంతకం కూడా తీసుకోవాలని పూర్వం ఒక నిబంధన ఉండేదట. దానికి ముగింపు ఎక్కడో తేలక నాకు ముందు తరం వాళ్లు వదిలేశారు. వదిలేసినట్టు ఉత్తర్వు మాత్రం ఇంకా వెలువడలేదు.

నేను అక్కడ సహాయ ఇంజనీరును. ప్రజా ప్రదర్శన ఫలకాల నిర్వహణ సంచాలకత్వం అనేది సంస్థ పూర్తి పేరు. జిల్లాలోని ఆసుపత్రుల్లోనూ బస్టాండుల్లోనూ ఎర్రటి అంకెలతో వెలిగే నంబరు బోర్డులన్నీ మా అధీనంలో ఉంటాయి. వెలగనివి మరికొంత గట్టిగా మా అధీనంలో ఉంటాయి.

ఆ నెల మొదటి బుధవారం చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి నుంచి ఫిర్యాదు వచ్చింది. వినికిడి పరీక్ష గది బయట నంబరు బోర్డు వెలగడం లేదు. కిందటి నెలలోనే మావాళ్లు పాతది తీసి కొత్తది బిగించారు. నేను నా సంచీతో వెళ్లాను. హాలు నిండా మనుషులు. గది తలుపు దగ్గర నిలబడి అటెండరు నంబర్లు పిలుస్తున్నాడు. అతని గొంతు మంచిదే. కాని ఆ హాల్లో కూర్చున్నవాళ్లంతా చెవులు వినపడకే అక్కడికి వచ్చారు.

నేను నిచ్చెన వేసుకుని బోర్డు దగ్గరికి ఎక్కుతుంటే కింద బెంచీ మీది మనిషి, నలభై అయిదేళ్లుంటాయి, నా చీర కుచ్చెళ్లు పట్టుకుని లాగింది.

"ఏటమ్మా, ఈ డబ్బాకేటి జొరమొచ్చినాదా?" అని అరిచింది. వినపడనివాళ్లు తమ గొంతు తమకు చేరాలని అంత గట్టిగా మాట్లాడతారు.

ఆమె పేరు పైడమ్మ. జనపనార మిల్లులో ఇరవై రెండేళ్లుగా దారం తీసే మిషన్ల మధ్య పని. ఆ చప్పుడే చెవుల్ని తినేసింది. పోయిన నెల వెనక నుంచి ట్రాలీ వస్తుంటే వినపడక దాని కింద పడబోయిందట.

"సెవికి మిసను ఎట్టుకొత్తేనే లోనికి రానిత్తానన్నాడు మేనేజరు. నెలాకరు దాకే గడువు. ఆయేల్టికి రాకపోతే నా సోటు ఇంకొకల్లకి ఇచ్చేత్తాడంట" అంది. ఆ తర్వాత తన చీటీ చూపించింది. ముప్పై ఒకటి. "అంకెలొచ్చునమ్మా నాకు. అచ్చరాలు రావు. ఆ డబ్బా ఎలిగితే సాలు, నాను సూసుకుంటాను."

పరీక్ష చేసే డాక్టరు నగరం నుంచి బుధవారం బుధవారం వస్తాడు. ఒంటి గంట బస్సుకి వెళ్లిపోతాడు. ఈ నెలతో అతని డిప్యుటేషన్ అయిపోతుంది. మళ్లీ ఆర్నెల్ల దాకా ఎవరూ రారు. ఇది నాకు సిస్టర్ మార్తమ్మ చెప్పింది. ఆవిడ ఆ హాలు మొత్తాన్ని ఒంటరిగా సంబాళించే హెడ్ నర్సు.

మా దగ్గర లాజిక్ ఎనలైజర్ అనే పనిముట్టు ఒక్కటే ఉంది. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. తీగల మీద ఏం మాటలు నడుస్తున్నాయో తెర మీద గీతలుగా చూపిస్తుంది. బోర్డుకీ, దాన్ని నడిపే కంట్రోలర్‌కీ మధ్య రెండే తీగలు. ఒక తీగ పాటకు వేసినట్టు తాళం వేస్తుంది. రెండో తీగ మీద కంట్రోలర్ ముందుగా ఒక చిరునామా పిలుస్తుంది. ఎనిమిది తాళాల్లో పిలుపు పూర్తవుతుంది. తొమ్మిదో తాళానికి, పిలుపందుకున్న బోర్డు ఆ తీగను ఒక్క క్షణం కిందికి లాగాలి. 'ఉన్నాను' అని దాని అర్థం. లాగకపోతే కంట్రోలర్ చెప్పదలచుకున్నది మింగేసి, కాసేపాగి మళ్లీ పిలుస్తుంది.

తెర మీద చూశాను. కంట్రోలర్ '3సి' అని పిలిచింది. తొమ్మిదో తాళానికి తీగ పైనే ఉండిపోయింది. మళ్లీ పిలిచింది. మళ్లీ అంతే. మూడోసారీ అంతే. మనుషుల్లో ఇలాంటి మౌనానికి చాలా కారణాలుంటాయి. కోపం, భయం, వినపడకపోవడం, అసలు అక్కడ లేకపోవడం. యంత్రాల్లో మొదటి రెండూ ఉండవు. నాకు ఈ ఉద్యోగం నచ్చడానికి అదే కారణమనుకుంటాను.

మిగిలిన రెంటిలో ఏదో తేలాలంటే బోర్డు తెరవాలి. తాళంచెవి మా స్టోరులో ఉంటుంది. దానికి అనుమతి కావాలి. నేను నిచ్చెన దిగేసరికి అటెండరు ముప్పై ఆరు పిలుస్తున్నాడు. పైడమ్మ ఇంకా బోర్డు వైపే చూస్తూ కూర్చుంది. మూడుసార్లు పిలిచాక పలకని నంబరు పోయినట్టే. అది ఆసుపత్రి నియమం.

నా నివేదిక ఇంగ్లిషులో నాలుగు వాక్యాలు. మాస్టర్ మూడుసార్లు పిలిచింది. 3సి అడ్రసులోని స్లేవ్ ఎక్నాలెడ్జ్ చేయలేదు. లైన్ హైగానే ఉండిపోయింది. బోర్డు తెరిచి పరిశీలించడానికి అనుమతి ఇవ్వగలరు. నడిపేదాన్ని మాస్టర్ అనీ నడిచేదాన్ని స్లేవ్ అనీ అనడం మా రంగంలో పాత అలవాటు.

అది మా కార్యాలయంలో సంపూర్ణ తెలుగు మాసం. సాంకేతిక నివేదికలతో సహా ఏ కాగితమూ తెలుగులోకి మారకుండా పై అంతస్తుకు వెళ్లకూడదు. అనువాద విభాగానికి ఒకే ఒక పదకోశం సరఫరా అయింది. దాన్ని సిబ్బంది వ్యవహారాల శాఖ తయారు చేసింది. నా నివేదిక పైకి ఇలా వెళ్లింది:

"పై అధికారి ముమ్మారు పిలిచినప్పటికిని 3-సి విలాసమున గల క్రింది ఉద్యోగి అందుకొన్నట్లు ధ్రువీకరింపలేదు. అతని ధోరణి హెచ్చుగానే యుండినది. కావున మండలిని ప్రారంభించి విచారించుటకు అనుమతి కోరడమైనది."

మూడో రోజు పరిపాలనాధికారి త్రివిక్రమరావు గారు పిలిచారు. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. నాకు టీ తెప్పించి, బిస్కెట్ల పళ్లెం నా వైపు జరిపారు.

"కూర్చోమ్మా నీలవేణీ. ఈ 3-సి ఎన్నాళ్లుగా ఇలా ఉన్నాడు?"

"సార్, అది మనిషి కాదండీ. బోర్డు."

"బోర్డు సంగతి తర్వాత. విచారణకు వేయమని నువ్వే రాశావు, వేస్తాం. ముందు మనిషి సంగతి చెప్పు."

నేను ఒక కాగితం మీద రెండు తీగలు గీశాను. తాళాలు లెక్కపెట్టి చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని శ్రద్ధగా విన్నారు. తొమ్మిదో తాళం దగ్గర తల కూడా పంకించారు.

"ఎంత చక్కగా చెప్పావమ్మా! ఇప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. కాని నిన్న సాయంత్రమే మెమో మీద సంతకమైపోయింది."

"వెనక్కి తీసుకోండి సార్."

"తీసుకుంటే కారణం రాయాలి. లేని మనిషికి మెమో ఇచ్చామని రాయమంటావా? లేడని ఎవరు తేల్చారు?"

"నేను చెబుతున్నాను కదండీ."

"నువ్వు ఫిర్యాదుదారువి తల్లీ. లేడని తేల్చాలన్నా ముందు విచారణ జరగాలిగా!"

అందులో తప్పు ఎక్కడుందో వెతికాను. దొరకలేదు. ఇంటికి వెళ్లే దారిలో కూడా వెతికాను. ముప్పై ఏళ్లుగా కాగితాలు పంపుతూ ఉన్న మనిషికి, అవతల నుంచి ఎవరో ఒకరు 'అందింది' అనకపోతే తాను నిజంగా ఉన్నానా అన్న అనుమానం లోపలెక్కడో కదులుతూ ఉంటుంది. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆ అనుమానం నాకూ ఉంది. నేను దాన్ని తీగల వైపు మళ్లించాను, అంతే తేడా.

మెమో అందజేయడానికి నిబంధనల్లో మూడు మెట్లున్నాయి. మొదట స్వయంగా ఇవ్వాలి. మా బంట్రోతు నిచ్చెనెక్కి బోర్డు ముందు మెమో పట్టుకుని అయిదు నిమిషాలు నిలబడ్డాడు. తీసుకోలేదు. తర్వాత రిజిస్టర్డ్ పోస్టు. 'చిరునామాదారు పలకలేదు' అని రాసి తిప్పి పంపారు. మూడో మెట్టు, ఇద్దరు సాక్షుల ముందు నివాసపు తలుపుకు అంటించడం. బోర్డుకు తలుపు లేదు కనుక అద్దానికి అంటించారు. మైదాపిండి ఉడికించి మరీ అంటించారు.

"మొహం మీదే అంటించేశారేంటయ్యా?" అంది సిస్టర్ మార్తమ్మ, సాక్షి సంతకం చేస్తూ. "రేపు బాగైతే మాత్రం ఎవరికి కనిపిస్తుంది?"

"అది మా సెక్షను కాదు మేడమ్" అన్నాడు బంట్రోతు.

పది రోజుల గడువిచ్చినా సంజాయిషీ రాదని ముందే గ్రహించిన కార్యాలయం, సాక్ష్యాలు తారుమారు కాకుండా 3-సిని సస్పెండ్ చేసింది. సస్పెన్షన్‌లో ఉన్నవారు విధులు నిర్వర్తించరాదు కనుక బోర్డుకు కరెంటు తీసేశారు. అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్లరాదన్న షరతును మాత్రం 3-సి అక్షరాలా పాటించాడు. నాలుగు బోల్టులతో గోడకే ఉన్నాడు. నా ఎనలైజర్ ప్రధాన సాక్షి అయినందున దాన్ని ఎర్రగుడ్డలో చుట్టి లక్క ముద్ర వేశారు. ముద్దాయిని గాని సాక్షిని గాని నేను తాకరాదని నాకు విడిగా ఒక ఉత్తర్వు. అందుకున్నట్టు సంతకం చేశాను.

రెండో బుధవారం మార్తమ్మ ఒక పలక కొని తెచ్చి, సుద్దముక్కతో అంకెలు రాసి తలుపు పక్కన ఎత్తి చూపించసాగింది. పని చక్కగా నడిచింది. పైడమ్మది నలభై నాలుగు. పలక మీద నలభై పడినప్పుడు మా తనిఖీ సిబ్బంది వచ్చారు.

"సస్పెండైన ఉద్యోగి బాధ్యతలు ఈ పలకకు ఎవరు అప్పగించారు?" అని అడిగారు.

"నేనేనయ్యా" అంది మార్తమ్మ.

"పూర్తి అదనపు బాధ్యతల ఉత్తర్వు ఉందా?"

"పలకకా?"

"పలకకే."

లేదు. పలకను స్వాధీనం చేసుకుని రసీదు ఇచ్చారు. నలభై నాలుగు గాల్లో మూడుసార్లు వినిపించి పోయింది.

మూడో బుధవారం నేను సెలవు పెట్టి వెళ్లాను. పైడమ్మ పక్కన కూర్చున్నాను. ఆమె నంబరు యాభై రెండు. అటెండరు పిలవగానే భుజం తడతానని సైగలతో చెప్పాను. ఆమె నవ్వి, తన సంచీలోంచి వేరుశనక్కాయలు తీసి నాకు సగం పెట్టింది.

"ఇలాటిదానివి నువ్వొకర్తివి మిల్లులో నా పక్కనుంటేనా, నాకీ మిసనెందుకు!" అని అరిచింది. హాల్లో వినపడేవాళ్లు ఇద్దరు ముగ్గురు నవ్వారు.

నలభై తొమ్మిది నడుస్తుండగా మా ఆఫీసు జీపు వచ్చింది. అత్యవసరమన్నారు, వెంటనే రమ్మన్నారు. పైడమ్మకు వేళ్లతో 'యాభై రెండు, చూసుకో' అని చెప్పి, మార్తమ్మ కోసం వెతికాను. ఆవిడ ఇంజక్షన్ల గదిలో ఉంది. డ్రైవరు హారన్ కొట్టాడు.

త్రివిక్రమరావు గారు నా చేతికి ఒక కవరిచ్చారు. ముద్దాయి విచారణలో తన తరఫున వాదించే సహాయకుణ్ని ఎంచుకోనందున, అతనితో పూర్వపరిచయం ఉన్న నన్నే సంస్థ నియమించింది.

"ఇది రేపు ఇవ్వొచ్చు కద సార్!" అన్నాను. నా గొంతు పైడమ్మ గొంతులా వినిపించింది.

"ఇవ్వొచ్చమ్మా. కాని ఇవాళే అందినట్టు ఉండాలి" అన్నారు ఆయన నొచ్చుకుంటూ. "నీళ్లు తాగు."

నేను తిరిగి వెళ్లేసరికి ఒంటి గంట బస్సు వెళ్లిపోయింది. పైడమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. ఒక వేలు ఎత్తి చూపించింది. ఇంకొక్క బుధవారం.

ఆ రాత్రి నేను క్రమశిక్షణా నియమాల పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాను. సర్క్యూట్ చదివినట్టే చదివాను. ముప్పై ఏడో పేజీలో నాకు కావలసింది కనిపించింది. మర్నాడే రెండు దరఖాస్తులు పెట్టాను. ముద్దాయి సంరక్షణలో ఉన్న పత్రాలను చూసే హక్కు సహాయకురాలికి ఉంది గనుక బోర్డు తాళంచెవి ఇప్పించాలని ఒకటి. విచారణకు ముందు ముద్దాయితో పావుగంట ఏకాంతంగా సంప్రదించే అవకాశం కల్పించాలని రెండోది. రెండూ నియమబద్ధంగా ఉండటం చూసి త్రివిక్రమరావు గారు ఎంతో సంతోషించారు.

"ఇన్నాళ్లకు దారిలో పడ్డావమ్మా" అన్నారు.

ముద్దాయి కదలలేడు కనుక నాలుగో బుధవారం విచారణ ఆసుపత్రి హాల్లోనే ఏర్పాటైంది. విచారణాధికారి జగన్నాథ పాణిగ్రాహి గారు, పదవీ విరమణ చేసి తొమ్మిదేళ్లయిన పెద్దాయన. బోర్డు కింద బల్ల వేశారు. బల్ల మీద ఎర్రగుడ్డలో ప్రధాన సాక్షి. చుట్టూ బెంచీల మీద రోగులు. వాళ్లకేమీ వినపడదు కనుక విచారణ గోప్యతకు భంగం లేదని పాణిగ్రాహి గారు రికార్డు చేయించారు. పైడమ్మ ముందు వరసలో ఉంది. ఆమె నంబరు నలభై ఆరు. అటెండరు ముప్పై ఎనిమిది పిలుస్తున్నాడు.

"సహాయకురాలు ఏకాంత సంప్రదింపు జరపవచ్చును" అన్నారు పాణిగ్రాహి గారు గడియారం చూసుకుంటూ. "సరిగ్గా పదిహేను నిమిషములు. సంభాషణ మాకు వినరాదు."

మార్తమ్మ వార్డులోని ఆకుపచ్చ తెరను దొర్లించుకొచ్చి నిచ్చెన చుట్టూ పెట్టింది. "సూదులు మరిగించే ప్లగ్గు ఖాళీగా ఉంది" అని నా చెవిలో చెప్పి, సోల్డరింగ్ కడ్డీ వైరు అందులో గుచ్చింది.

నేను బోర్డు వెనక మూత తెరిచాను. పది సెకన్లు పట్టలేదు తెలియడానికి. ఇలాంటి బోర్డుకు రెండు చిరునామాల్లో ఏదో ఒకటి ఉంటుంది. రెండు చిన్న రాగి చుక్కల మధ్య సీసపు బొట్టు ఏ పక్కనుంటే ఆ చిరునామా. కొత్త బోర్డు బిగించినవాళ్లు బొట్టు చూసుకోలేదు. అది 3డి. కంట్రోలర్ నెల రోజులుగా పక్కింటి తలుపు కొట్టి వెళ్లిపోతోంది. కరెంటు తీసేదాకా బోర్డు తన ఇంట్లో తాను మెలకువగానే కూర్చుని ఉంది. నేను బొట్టును కరిగించి ఇటు జరిపాను. కొద్దిగా పొగ వచ్చింది.

"ముద్దాయి ధూమపానం చేయుచున్నాడా?" అని బల్ల దగ్గర నుంచి ప్రశ్న వచ్చింది.

"లేదండీ. కొంచెం ఆవేదనలో ఉన్నాడు" అంది మార్తమ్మ.

తెర తీశాను. అటెండరు నలభై అయిదు పిలుస్తున్నాడు. నేను బల్ల ముందు నిలబడి, ముద్దాయి హాజరు కావడానికి కరెంటు ఇప్పించాలని కోరాను. త్రివిక్రమరావు గారు లేచారు.

"అభ్యంతరమండీ. సస్పెన్షన్‌లో ఉండగా విధి నిర్వహణ అవుతుంది."

పాణిగ్రాహి గారు చాలాసేపు కళ్లు మూసుకున్నారు. నలభై అయిదో నంబరు మనిషి గదిలోకి వెళ్లాడు.

"విచారణకు హాజరగుట హక్కే గాని విధి కాదు" అన్నారు చివరికి. "ఇప్పించవచ్చును."

మార్తమ్మ స్విచ్ వేసింది. అటెండరు చేతిలోని కంట్రోలర్ మీట నొక్కి, అలవాటుగా నోరు తెరిచాడు. ఆ అవసరం రాలేదు. మెమో కాగితం వెనక నుంచి ఎర్రటి వెలుగు పాకి, 'అందుకొన్నట్లు ధ్రువీకరింపలేదు' అన్న వాక్యం మీదుగా అరచేయంత అంకెలు రెండు తేలాయి. నలభై ఆరు.

"నాదే!" అన్న కేకకు పాణిగ్రాహి గారి కలం కింద పడింది. పైడమ్మ చీటీ పైకెత్తి బల్లను చుట్టుకుని తలుపు వైపు దాదాపు పరుగెత్తింది. దాటుతూ నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు కూడా రాయే. ఆ డాట్రు మాట నాకు తెల్దు." ఆమె లాగుతుంటే వెళ్తూనే, వెనక సంభాషణ విన్నాను.

"సార్, ముద్దాయి నంబరు చూపించాడు. అది విధి నిర్వహణే" అంటున్నారు త్రివిక్రమరావు గారు.

"కాదు. అది వాంగ్మూలము. వ్రాయుడు. ముద్దాయి వాంగ్మూలం: నలభై ఆరు."

"సార్, అతను 3-సి కాడండీ" అన్నాను తలుపు దగ్గర ఆగి. నిజం చెప్పకుండా వెళ్లలేకపోయాను. "ఇన్నాళ్లూ 3-డిలో ఉన్నాడు. మెమో తప్పు చిరునామాకు వెళ్లింది. 3-సిలో ఎవరూ లేరు."

త్రివిక్రమరావు గారి ముఖం వికసించింది. "అయితే కేసు కొట్టేయొచ్చమ్మా! ఎవరూ లేరని 3-సి నుంచి చిన్న కాగితం తేగలవా?"

నేను బదులు చెప్పేలోగా పైడమ్మ నన్ను లోపలికి లాగి తలుపు వేసింది.

లోపల ఒక అద్దాల గది. దాని గోడలకు దళసరి దూది. పైడమ్మను అందులో కూర్చోబెట్టి, డాక్టరు ఆమె చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, చేతికి ఒక బటన్ ఇచ్చాడు. కుర్రవాడు. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కమని పెదాలు నిదానంగా కదుపుతూ చెప్పాడు. ఆమె నొక్కితే బయట అతని ముందు చిన్న దీపం వెలుగుతుంది.

దీపం వెలిగింది. మళ్లీ వెలిగింది. క్రమంగా, హుషారుగా వెలుగుతూనే ఉంది. కాసేపటికి డాక్టరు తన చేతులు రెండూ మిషను మీది నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. దీపం వెలిగింది. అతను నా వైపు చూశాడు. మళ్లీ వెలిగింది.

అతను లేచి అద్దాల గది తలుపు తీశాడు. "అమ్మా, నేను సౌండు ఇవ్వడం లేదు. ఎందుకు నొక్కుతున్నావు?"

ఆమె అతని పెదాల్ని చదివింది. దొరికిపోయిన మనిషిలా తల దించుకుంది.

"మిల్లులో అలవాటు బాబూ" అంది, మొదటిసారి చిన్న గొంతుతో. "మేస్త్రి నోరు కదిపితే సాలు, ఊఁ అనేత్తాను. ఏటన్నాడో నాకు తెల్దు. ఊఁ అనకపోతే ఇనపడ్లేదని పనిలోంచి తీసేత్తాడు కదా."

"ఇలా నొక్కితే నీ చెవులు బాగున్నట్టు లెక్క వస్తుంది. మిషను రాదు" అన్నాడు డాక్టరు. "ఇక్కడ ఎవరూ ఏమీ అనరు. వినపడకపోతే ఊరికే కూర్చో. అదే నాకు కావాలి."

ఆమె నమ్మలేదు. నిజమేనా అన్నట్టు అద్దంలోంచి నన్ను చూసింది. నిజమేనని చేత్తో చెప్పాను.

డాక్టరు వెనక్కి వచ్చి మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఒక మీట తిప్పాడు. పైడమ్మ బొటనవేలు బటన్ మీదే ఉంది. దీపం వెలగలేదు. ఇంకొంచెం తిప్పాడు. వెలగలేదు. ఆమె కళ్లు గట్టిగా మూసుకుని, చాలా కష్టమైన పని చేస్తున్నట్టు, నొక్కకుండా కూర్చుంది. అతను ఆ మౌనం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చూసుకుని, చార్టు మీద ఒక్కొక్క గడిలో జాగ్రత్తగా గుర్తు పెడుతూ పోయాడు.